ఊచలు లేని కిటికీ

సిలోనాయన పోయాడని నాకు చెప్పినవాడు మా పాత విద్యార్థి. అల్లవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. అమలాపురంలో మందుల షాపు ముందు ఎదురుపడి, కొబ్బరి రేటు, రొయ్యకు తగిలిన తెగులు, వాళ్ళ అమ్మాయి మార్కులు అన్నీ వరసగా చెప్పి, స్కూటరు స్టార్టు చేశాక అన్నాడు.

"అన్నట్టు మాస్టారూ, మన సిలోనాయన పోయేడంటండి. తిరుచ్చి దగ్గరెక్కడోనంట. ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది."

"ఎప్పుడు?"

"పోయిన నెల్లోనంటండి. జ్వరం వచ్చి తగ్గలేదంట. ఆయన బాగుచేసిన ఇంజనుందే, మూడో చెరువు మీద, అది ఇప్పటికీ చెయ్యి పెట్టనివ్వకుండా తిరుగుతోందండి."

అంతే, వెళ్ళిపోయాడు. సంతాప సభల్లో చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని నేనే ఇచ్చాను. ఇంత నిజమైన వాక్యం ఏ సభలోనూ వినలేదు.

ఆయన జీవితచరిత్ర రాయడానికి నా దగ్గర సరుకు లేదు. పుట్టిన ఊరి పేరు ఒకసారి చెప్పాడు, నేను మరిచిపోయాను. ఏం చదివాడో తెలియదు. తొంభైలలో రొయ్యల చెరువులు కోనసీమ సముద్రం అంచునంతా పాకిన రోజుల్లో, మేత కంపెనీ వాళ్ళతో కలిసి తమిళనాడు నుంచి వచ్చాడు. చెరువుల్లో నీళ్ళు తోడే ఇంజన్లు, నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు బాగుచేసేవాడు. సిలోనులో యుద్ధం తప్పించుకుని పడవ మీద వచ్చి, తమిళనాడులో శరణార్థుల క్యాంపుల్లో చేరినవాళ్ళలో ఒకడని తర్వాత తెలిసింది. నాకు మిగిలినవి ఆయన అలవాట్లు కొన్ని, మాటలు కొన్ని, ఒక గోడ సంగతి.

చెరువు గట్టు మీద ఆయన్ను మొదటిసారి చూసినప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వంగి ఉన్నాడు. చుట్టూ కూలీలు నిలబడి ఉన్నారు.

"ఏవంటోందండీ?" అని ఒకడు అడిగాడు.

"ఆకలంటోందండి" అన్నాడు కళ్ళు తెరవకుండా.

డీజిలు అయిపోయిందట. ఇంకోసారి "ఈవిడకి ఆయాసం వస్తోందండి, పడుకోబెట్టండి" అన్నాడు. తెలుగు ఆయన ఆ గట్టు మీదే నేర్చుకున్నాడు. మర్యాద లేకుండా మాట్లాడే తెలుగు ఒకటుందని ఆయనకు చాలాకాలం తెలియదు. ఇంజనును కూడా అండీ అనేవాడు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

మన వాళ్ళు ఆయన్ను యుద్ధం గురించి అడగలేదు. అడిగినవాళ్ళు ఉంటే నేను చూడలేదు. కోనసీమలో ప్రతివాడూ ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ దేశంలో కాయ రేటెంతండీ?" సిలోను నుంచి కొబ్బరి దిగుతోందనీ, అందుకే ఇక్కడ ధర పడిపోతోందనీ అప్పట్లో ఒక పుకారు ఉండేది. టీ కొట్టు దగ్గర కొబ్బరికాయల దింపు కార్మికుడొకడు ఆయన్ను నిలదీయడం నేనే విన్నాను.

"మీరు రావడం వచ్చేరు, బానే ఉంది. మీ కాయలు కూడా తెచ్చుకోవాలేంటండీ?"

"నేను ఒక్క కాయ కూడా తేలేదండి. పడవలో చోటు లేదు" అన్నాడు ఆయన, చాలా గంభీరంగా.

నెలకోసారి పోలీస్ స్టేషనుకు వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టాలి. అక్కడి హెడ్ కానిస్టేబులు ప్రతిసారీ ఒకటే అడిగేవాడట. "ఇంకా అవలేదేంటయ్యా మీ గొడవ?" ఆలస్యానికి తానే బాధ్యుడైనట్టు ఆయన "లేదండి, ప్రయత్నం జరుగుతోందండి" అనేవాడట.

ఆయనకు వరస పడదు. ఇది నేను ఆలస్యంగా గమనించాను. మా విద్యార్థి చెల్లెలి పెళ్ళిలో భోజనాలు బఫే పెట్టారు. అప్పటికి అది మా వైపు కొత్త. ఊరంతా కంచాలు పట్టుకుని వరసలో నిలబడితే ఆయన దూరంగా జనరేటరు పక్కన నిలబడ్డాడు. భోంచేయరా అంటే "ఆకల్లేదండి" అన్నాడు. కొంతసేపటికి ఆకలి ఆయన మొహంలోనే కనిపించింది. నేను ఒక కంచంలో వడ్డించుకు వచ్చి ఇస్తే నిలబడే తినేశాడు. తిన్నాక చెప్పాడు. "క్యాంపులో నీళ్ళకి వరస, బియ్యానికి వరస, లెక్కకి వరస సార్. నా జన్మకి సరిపడా నిలబడిపోయేను." బస్టాండులో కూడా జనమంతా ఎక్కేదాకా ఆగి, చోటు లేకపోతే తర్వాతి బస్సుకు వచ్చేవాడు.

ఇంకొక అలవాటు ఈ కథకు అవసరం. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు, రెండో గుమ్మం ఎక్కడుందో చూసేవాడు. అది కనిపించాక కూర్చునేవాడు. కూర్చునేది కూడా వెళ్ళడానికి అడ్డం లేని వైపే. నేను అద్దెకున్న ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు లోపలిదాకా తొంగిచూసి, "మూడు ఉన్నాయి సార్. మంచి ఇల్లు" అన్నాడు. ఇల్లు చూపిస్తే మన వాళ్ళు కర్ర ఏమిటని అడుగుతారు, ఎటు వాలి ఉందని అడుగుతారు. గుమ్మాలు లెక్కపెట్టి మెచ్చుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

ఆయన నా దగ్గరకు వచ్చింది ఇంటి కోసమే. అప్పటిదాకా చెరువు గట్టు మీది షెడ్డులో పడుకునేవాడు. ఒక్కడికి అది చాలు. భార్యా, తొమ్మిదేళ్ళ కూతురూ తమిళనాడులో ఒక క్యాంపులో ఉండిపోయారు. క్యాంపు అంటే పొడుగాటి రేకుల షెడ్డు, అడ్డంగా చీరలు కట్టి చేసిన గదులు. వాళ్ళు అక్కణ్ణుంచి బయటికి రావాలంటే ఒక కాగితం కావాలి. ఫలానా ఊళ్ళో ఫలానా ఇల్లు వీళ్ళకు అద్దెకు ఇస్తున్నానని యజమాని సంతకం, కింద అక్కడి స్టేషను ముద్ర. ఏటా ఆ కాగితం కొత్తది పంపుతూ ఉండాలి. పంపకపోతే తల్లీ బిడ్డా తిరిగి క్యాంపుకు పోవాలి. కాబట్టి ఆయనకు కావలసింది గదులూ వంటిల్లూ కాదు, సంతకం పెట్టే ఒక యజమాని.

"మాస్టారు పక్కనుంటే ఇస్తారండి" అని మా విద్యార్థి ఆయన్ను నాకు అప్పగించాడు. మా అమలాపురంలో నాకు ఉన్న పేరు అలాంటిది. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆదివారాలు గ్రంథాలయంలో జరిగే చర్చల్లో జ్యోతిషాన్నీ, బాబాలనూ, ముహూర్తాలనూ ఉతికేవాణ్ణి. నన్ను ఇష్టపడేవాళ్ళు తక్కువ, నమ్మేవాళ్ళు ఎక్కువ.

మొదటి ఇంటి యజమాని రిటైరైన ఉద్యోగి. కుర్చీ వేశాడు, మజ్జిగ ఇప్పించాడు, ఆ తర్వాత మెత్తగా మొదలుపెట్టాడు.

"మీరేవిట్లండీ?"

"ఇంజను మెకానిక్కండి."

"అది కాదండీ. మీరేవిట్లు అని. అంటే, మీ వాళ్ళు."

ఆయన తన కులం పేరు చెప్పాడు. అది అరవ పేరు, మా జిల్లాలో ఎవరూ విని ఉండరు. యజమాని చాలాసేపు ఆలోచించాడు. "అంటే మా లెక్కలో ఎవరవుతారండీ?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలిసినా చెప్పనన్నాను. యజమానికి ఆ రెండో మాట అక్కర్లేకపోయింది. ఎక్కువో తక్కువో తెలిసిన మనిషికైతే ఇల్లు ఇవ్వడమో మానడమో చేస్తారు. నిచ్చెన మీద ఏ మెట్టో తేలని మనిషిని చూస్తే మాత్రం మన దేశంలో నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాడికి కాళ్ళు వణుకుతాయి. ఆ సాయంత్రం నాకు కోపం వచ్చింది, సిలోనాయనకు రాలేదు. గేటు దాటాక "ఆ ఇంటికి ఒకటే గుమ్మం సార్, పోనివ్వండి" అన్నాడు.

రెండో యజమాని కులం అడగలేదు. ఎంతకాలం ఉంటారని అడిగాడు.

"యుద్ధం అయ్యేదాకా అండి."

"ఎప్పుడవుద్దండీ?"

"తెలీదండి."

"అలా తేదీ లేకపోతే ఎలాగండీ? నాకు వైశాఖంలో మా అబ్బాయి పెళ్ళుంది."

అలా నాలుగైదు ఇళ్ళు అయ్యాక మాణిక్యాంబ గారి ఇల్లు దొరికింది. అల్లవరం రోడ్డులో ఊరు చివర, వెనక పంటకాలువ, కాలువ వైపు కొబ్బరితోట. ఆవిడ భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, మస్కట్‌లో తాపీపని. ఇంటిని రెండు వాటాలు చేసి ఒకదాంట్లో ఉంటోంది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు, మాట మాత్రం గట్టిది. నేను పరిచయం చేస్తుంటే మధ్యలోనే ఆపి, ఆయన్ను అడిగింది.

"మీ ఆవిడా పిల్లా ఎక్కడున్నారు బాబూ?"

"క్యాంపులో ఉన్నారండి అమ్మగారూ."

"క్యాంపులోనా?" ఆవిడ మొహం మారింది. "మా వాడూ క్యాంపులోనే ఉంటాడు. గదికి ఎనిమిది మంది. స్నానానికి కూడా వరస కట్టాలంట. ఆడకూతురు, చిన్నపిల్లతో క్యాంపులో ఎలా ఉంటోంది? రమ్మను. కాగితం ఎక్కడ పెట్టాలి సంతకం?"

నేను చర్చావేదికలో మానవత్వం మీద గంటసేపు మాట్లాడగలను. ఆవిడకు ఒక మాట సరిపోయింది. కులం అడగలేదు. అడిగితే నేను చెప్పవలసిన వాదాలన్నీ సిద్ధంగా పెట్టుకు వెళ్ళాను, అవి అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

ఆయన వాటా చూడడానికి లోపలికి వెళ్ళాడు. రెండు గదులు. వెనక గది గోడలో ఒకప్పుడు గుమ్మం ఉండేది. ఇప్పుడు దాన్ని ఇటికలతో మూసేసి ఉంది. కొత్త సిమెంటు గచ్చు పాత గోడ మీద నిలువు దీర్ఘచతురస్రంలా తెలుస్తోంది. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంజనును విన్నట్టే.

"అది మూయించేనండి" అంది మాణిక్యాంబ గారు. "నైరుతి గుమ్మం."

ఆ సంగతి ఇది. భర్త పోయిన ఏడాదే కొడుకు మస్కట్‌లో పరంజా మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. వాస్తు చూసే సిద్ధాంతి వచ్చి, కీడంతా ఆ వెనక గుమ్మంలోంచి వస్తోందన్నాడు. ఊరూరా వాస్తు పేరుతో మంచి గోడలు పడగొట్టి చెడ్డ గోడలు కట్టుకుంటున్న రోజులవి. ఆవిడ మర్నాడే మేస్త్రిని పిలిచి కట్టించేసింది. మూడు నెలలకు కొడుకు లేచి నడిచాడు. వాణ్ణి నడిపించినవాడు మస్కట్ ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు. కాని ఆ డాక్టరును ఆవిడ చూడలేదు. గోడను రోజూ చూస్తోంది.

బయటికి వచ్చాక ఆయన చెప్పాడు. "ఇల్లు బాగుంది సార్. కాని మా ఆవిడ ఉండదండి."

"ఎందుకు?"

"ఒకటే గుమ్మం."

నాకు చిరాకేసింది. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగితే ఈ సంతకం దొరికింది! రోడ్డు మీదే పాఠం మొదలుపెట్టాను. ఇక్కడ యుద్ధం లేదు, సైనికులు లేరు, ఎవరూ తలుపు తట్టరు, తట్టినా అది పాలవాడై ఉంటాడు. కారణం పోయాక మిగిలిన భయం మూఢనమ్మకమే. సిద్ధాంతి నైరుతి అన్నాడు, మీరు రెండో గుమ్మం అంటున్నారు. ఇది కూడా ఒక వాస్తే.

ఆయన అంతా విన్నాడు. "ఆయ్. కావచ్చండి" అన్నాడు. కొంత దూరం నడిచాక, "మీరే మా ఆవిడకి చెప్పండి సార్. నేను చెప్తే వినదు" అన్నాడు. భుజాలు కదిలాయి. నేను నవ్వలేదు.

అప్పుడు చెప్పాడు. సిలోనులో వాళ్ళ ఇంటి మీదికి వచ్చినవాళ్ళు ముందు గుమ్మంలోంచి వచ్చారట. ఎవరు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. భార్య పిల్లను తీసుకుని వెనక గుమ్మంలోంచి పరుగెత్తిందట. చెల్లెలు ముందు గదిలో ఉంది. అంతవరకే చెప్పాడు.

"ముందు గుమ్మంలోంచి ఎవరొస్తారో మన చేతిలో లేదు సార్. వెనక గుమ్మం ఉంటే వెళ్ళడం మన చేతిలో ఉంటుంది."

ఆ వాక్యానికి జవాబు నేను అప్పుడు వెతికాను, తర్వాత కూడా వెతికాను. అనుభవం నుంచి పుట్టిన భయానికీ, పంచాంగం నుంచి పుట్టిన భయానికీ తేడా ఉందని వాదించవచ్చు. మాణిక్యాంబ గారి భయం కూడా పంచాంగం నుంచి పుట్టలేదు, మస్కట్ నుంచి వచ్చిన టెలిగ్రాములోంచి పుట్టింది. సిద్ధాంతి దానికి ఒక దిక్కు చూపించాడు, అంతే. ఒకే గోడకు అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళ భయం. ఒకావిడకు అది తెరవాలి, ఒకావిడకు మూయాలి.

దారి ఆయనే కనిపెట్టాడు. నన్ను అడక్కుండా సిద్ధాంతి దగ్గరకే వెళ్ళాడు. సిద్ధాంతి మోపెడ్ మీద టేపు పట్టుకుని వచ్చినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను. ఉండకపోతే బాగుండేది.

"అయ్యగారూ, ఇక్కడ గుమ్మం వద్దు. కిటికీ పెట్టుకోవచ్చాండీ?" అన్నాడు సిలోనాయన.

సిద్ధాంతి కళ్ళు మూసుకుని ఏదో లెక్క వేశాడు. "కిటికీకి దోషం లేదు."

"ఎంత పెద్దదండీ?"

"గాలి వెలుతురు మీ ఇష్టం."

"కింద ఎక్కడిదాకా ఉండొచ్చండీ?"

"ఇదిగో బాబూ, గడప ఉంటే గుమ్మం. గడప లేనిది గుమ్మం కాదు. గడప ఉందంటే పసుపు రాయాలి, లక్ష్మి రావాలి, జ్యేష్ఠ కూడా వస్తుంది. గడప లేనిచోట ఎవరొస్తారు?"

"మరి ఊచలండీ?"

"ఊచల ప్రసక్తి శాస్త్రంలో లేదు" అన్నాడు సిద్ధాంతి.

నేను నోరు తెరవబోతే మాణిక్యాంబ గారు "మాస్టారూ, మజ్జిగ తాగుతారా?" అంది. ఆవిడ నన్ను ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి.

ఆయన వారం రోజుల్లో పని పూర్తి చేశాడు. ఇటికలు తీసి, మోకాలెత్తు గోడ ఉంచి, పైన మిగిలిన ఎత్తంతా చట్రం బిగించాడు. రెండు రెక్కలు, లోపల గొళ్ళెం. ఊచలు లేవు. బయటినుంచి చూస్తే కిటికీ. లోపలినుంచి చూస్తే, కాలు ఎత్తగలిగిన ఎవరికైనా, ఏమిటో తెలుస్తుంది.

కాగితం వెళ్ళింది. నెలన్నరకు తల్లీ బిడ్డా వచ్చారు. రెండు సంచులు, ఒక ప్లాస్టిక్ బిందె. భార్య నన్ను చూసి దణ్ణం పెట్టింది, సంచి కింద పెట్టకుండానే నేరుగా వెనక గదిలోకి వెళ్ళింది. కిటికీ తెరిచింది. ముందు కూతుర్ని ఎత్తి అటువైపు దింపి, తనూ దాటింది. కొబ్బరిచెట్ల మధ్య కాలువ దాకా నడిచి, అటూ ఇటూ చూసి, మళ్ళీ అలాగే లోపలికి వచ్చి, అప్పుడు సంచి దింపింది. మాణిక్యాంబ గారు తన వాటా వాకిట్లో నిలబడి అంతా చూసింది. చూడనట్టు లోపలికి వెళ్ళిపోయి, కొంచెంసేపటికి పప్పూ అన్నమూ పట్టుకుని వచ్చింది.

ఏడాదిపాటు ఏమీ జరగలేదు. పిల్ల బడిలో చేరి నాకంటే మంచి గోదావరి తెలుగు మాట్లాడసాగింది. తల్లి ఆ కిటికీ దాటడం మళ్ళీ ఎవరూ చూడలేదు. పిల్ల మాత్రం ఆటల్లో దాటేది. ఆయన చెరువుల నుంచి వచ్చి, ఆ కిటికీ ముందు చాప వేసుకుని పడుకునేవాడు.

చెడగొట్టినవాణ్ణి నేను.

ఆ ఏడాది చివర ఒక ఆదివారం వాస్తు మీద చర్చ పెట్టాం. అవతలి పక్షం తరఫున రాజమండ్రి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇంజనీరింగు చదివినవాడు, వాస్తును సైన్సు అనేవాడు. హాలు నిండింది. వాదం అతనివైపు మొగ్గుతోందని నాకు అనిపించింది. అలా అనిపించినప్పుడు మనిషి చేతికి అందినది విసురుతాడు. నేను విసిరినది ఆ గోడ.

"ఈ ఊళ్ళోనే, నైరుతి అని మూయించిన గుమ్మం ఒకటి ఏడాది కిందట తెరిచారు. దాంట్లోంచి మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఇంటావిడకు తలనొప్పి కూడా రాలేదు!" అన్నాను.

చప్పట్లు మోగాయి. రాజమండ్రి ఆయన నీళ్ళు తాగాడు. నేను గెలిచాను. పేరు చెప్పలేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అమలాపురంలో పేరు చెప్పనవసరం లేదు. మర్నాటి సాయంత్రానికి ఆ మాట కూరల బజారు మీదుగా అల్లవరం రోడ్డుకు చేరింది.

మాణిక్యాంబ గారి కొడుకు ప్రతి శుక్రవారం పక్కింటి ఫోనుకు ఫోన్ చేసేవాడు. ఆ శుక్రవారం చేయలేదు. తర్వాతి శుక్రవారమూ చేయలేదు. (అతను పని మారి వేరే చోటికి వెళ్ళాడనీ, ఇంకో నాలుగు రోజులకు ఫోన్ వచ్చిందనీ ఇక్కడే చెప్పేస్తాను. దానికీ గోడకూ సంబంధం లేదు. అయితే అది తర్వాతి సంగతి.)

ఆ శనివారం సిలోనాయన మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"మీరు గెలిచేరంట కదా సార్."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్తున్నారండి. అమ్మగారికీ చెప్పేరు."

ఆవిడ ఆయన్ను వెళ్ళిపొమ్మనలేదు. ఏడ్చిందట. 'బాబూ, నిన్ను పొమ్మనే పాపం నాకొద్దు. కాని ఆ గోడ కట్టేయాలి. ఇన్నాళ్ళూ అది కిటికీ అనుకున్నాను. గుమ్మవని మాస్టారే మీటింగులో చెప్పేరంట' అందట. కొత్త ఏడాది కాగితం ఆవిడ దగ్గరే ఉంది. సోమవారంలోగా సంతకమై స్టేషనుకు చేరాలి. గోడ కడితే తప్ప ఆవిడ సంతకం పెట్టదు. గోడ కడితే భార్య ఆ ఇంట్లో ఉండదు. అప్పటికే ఒక సంచి సర్దేసింది. క్యాంపులో రేకు అయినా తోసుకుని పోవచ్చునందట.

"నేనేం చేయాలి?" అన్నాను.

"మీరు వచ్చి చెప్పాలి సార్. అది కిటికీ అని."

"నేను అలా చెప్పలేను. అది గుమ్మం. మీకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. కావాలంటే వచ్చి ఆవిడకు నచ్చజెప్తాను, గుమ్మం వల్ల కీడు రాదని."

"అది మీరు ఎన్నేళ్ళ నుంచి చెప్తున్నారు సార్?"



ఆయన కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికగా ఉండేది. "స్టేషన్లో నెలనెలా సంతకం పెడతాను కదా సార్. దాంట్లో ఏం రాసుంటుందో తెలుసాండీ? ఈ వ్యక్తి తాత్కాలికంగా ఉంటున్నాడు అని. ఎనిమిదేళ్ళ నుంచి తాత్కాలికం. నాకు తెలుసు, హెడ్డుగారికీ తెలుసు. పెడుతున్నాను. మీరు ఒక్కసారి చెప్పండి."

చెప్పులు వేసుకున్నాను.

మేం వెళ్ళేసరికి మాణిక్యాంబ గారు అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన, ఫోనున్న పొరుగింటావిడ. ఆ వార్త మోసుకొచ్చింది ఆవిడేనని చూడగానే తెలిసింది. కాగితం మాణిక్యాంబ గారి ఒళ్ళో, మడత కూడా విప్పకుండా ఉంది. సిలోనాయన భార్య తలుపు వెనక నిలబడింది, పిల్ల చెయ్యి పట్టుకుని.

"రండి మాస్టారూ" అంది మాణిక్యాంబ గారు. కుర్చీ వేయలేదు.

పొరుగింటావిడ ఆగలేకపోయింది. "మీటింగులో గుమ్మవన్నారంట కదండీ? మా ఆయన చెవులారా విన్నారంట."

"అన్నానండి" అన్నాను. "పొరపాటుగా అన్నాను."

"పొరపాటేంటండీ?"

"అది కిటికీ."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మాణిక్యాంబ గారు నన్ను కళ్ళద్దాల పైనుంచి చూసింది. చాలాసేపు చూసింది. ఏడాది కిందట ఆ వాకిట్లో నిలబడి, తల్లీ బిడ్డా దాన్ని దాటడం చూసిన కళ్ళు అవి.

"గడప ఉందాండీ దానికి?"

"లేదండి."

"మరి ఊచలేవండీ?"

"గాలికి అడ్డమని పెట్టలేదండి."

"ఆయ్" అంది ఆవిడ. ఒళ్ళో కాగితం మడత విప్పి మోకాలి మీద సాపు చేసుకుంది. సిలోనాయన జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, ఆవిడ చేతికి ఇచ్చాడు. నావైపు చూడలేదు.

ఆవిడ సంతకం పెడుతూ, తల ఎత్తకుండానే, పొరుగింటావిడతో అంది.

"విన్నావా వదినా. మాస్టారు శాస్త్రాలు నమ్మరు గానీ, అబద్ధం మాత్రం ఆడరు."